సొంత ఊరిలో ముసాఫిర్లు

హైదరాబాదులో మేము నివసించే మెహదీపట్నం ప్రాంతం వేకువజామున మూడు గంటలకు నిర్మానుష్యంగా ఉంటుంది. ఆ వేళ మా ఇంట దీపం వెలిగిందంటే పొరుగువారికి రెండే కారణాలు తోస్తాయి. రమజాను మాసం వచ్చి మేము సహరీకి లేచి ఉండాలి. లేదా చిత్తూరుకు ప్రయాణమై ఉండాలి. గత డిసెంబరులో ఒకనాడు అలాగే దీపం వెలిగించి, వుజూ చేసుకుని, రెండు చిన్న సంచులతో బయలుదేరాము. ఒక సంచిలో అమ్మీకి మందులు, రెండవ దానిలో ఆమెకు ఇష్టమైన ఉస్మానియా బిస్కట్లు. అంతకు మించి సామాను లేదు. ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చే ప్రయాణానికి బట్టలతో పనేముంది?

మా దంపతులిద్దరి స్వస్థలం చిత్తూరే. ఉద్యోగరీత్యా హైదరాబాదు చేరి ఇరవై రెండేళ్లు దాటింది. మాలో ఒకరి ఉద్యోగం నెలకు మూడు నాలుగుసార్లు విమానం ఎక్కించే ఉద్యోగం. ఢిల్లీ, ముంబయి, కొచ్చి, గువాహటి అంటూ తిరిగిన దూరానికి విమాన సంస్థలు పాయింట్లు లెక్కగట్టి ఇస్తాయి. ఆ పాయింట్లు కూడినప్పుడు మరొకరికి టిక్కెట్టు కొంటాము. ఇద్దరమూ చిత్తూరుకు వస్తాము. ఇంటిలో ఉన్నది అమ్మీ ఒక్కతే. మాలో ఒకరికి ఆమె కన్నతల్లి, మరొకరికి అత్తగారు. పిలవడానికి మాత్రం ఇద్దరికీ అమ్మీయే.

విమానాలు ఇంతగా లేని రోజులలో మా ప్రయాణమంతా వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ మీదనే సాగేది. రాత్రి కాచిగూడలో ఎక్కితే కర్నూలు, కడప, రేణిగుంట, తిరుపతి, పాకాల దాటి మరునాటి ఉదయానికి చిత్తూరులో దించేది. పోను ఒక రాత్రి, రాను ఒక రాత్రి. అంత శ్రమపడి వచ్చినవారు ఒక్క పూట ఉండి వెళ్లిపోవడమన్నది ఊహకు అందని విషయం. నాలుగు రోజులైనా ఉండేవాళ్లము. ఇప్పుడు హైదరాబాదు నుంచి తిరుపతికి గంటా పది నిమిషాల ప్రయాణం. దూరం తగ్గింది. దానితోపాటు మేము ఇంట్లో ఉండే కాలమూ తగ్గిందని గ్రహించడానికి మాకు చాలా ఏళ్లు పట్టింది.

ఉదయపు మొదటి విమానాన్నే ఎంచుకోవడానికీ ఒక కారణం ఉన్నది. ఐదేళ్ల క్రితం అబ్బాకు సుస్తీ చేసిందని రాత్రి కబురు వచ్చింది. మరునాడు పది గంటల విమానంలో చోటు దొరికింది. అది ఎక్కడి నుంచో రావలసిన విమానం. అక్కడ పొగమంచు పట్టి మూడు గంటలు ఆలస్యమైంది. మేము చేరేసరికి ఇంటి ముందు జనాజా సిద్ధంగా ఉన్నది. ఖననం అందింది, ఆయన చివరి మాట అందలేదు. తొలి విమానం సాధారణంగా రాత్రే వచ్చి నిలిచి ఉంటుంది కనుక, పగటి ఆలస్యాలు దానిని అంతగా తాకవని తరచు ప్రయాణించేవారు ఎరుగుదురు. నాటి నుంచి మేము తొలి విమానాన్ని విడువలేదు.

ఐదు గంటల ఇరవై నిమిషాలు

మెహదీపట్నం వద్ద మొదలయ్యే పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో ప్రారంభమైంది. 11.6 కిలోమీటర్ల ఆ వంతెన మీద, నిద్రపోతున్న నగరం నెత్తిమీదుగా సాగి ఆరాంఘర్ వద్ద దిగితే, అక్కడినుంచి శంషాబాదు దారి నేరుగా ఉంటుంది. 2008లో బేగంపేట నుంచి విమానాల రాకపోకలు శంషాబాదుకు మారినప్పుడు, ఇంత దూరం ఎవరు పోతారని విసుక్కున్నవారిలో మేమూ ఉన్నాము. ఇప్పుడు వేకువన ముప్పావు గంటలో చేరుతున్నాము. ప్రవేశద్వారం వద్ద డిజియాత్ర యంత్రం ముఖాన్ని చూసి గుర్తుపట్టి తలుపు తీస్తుంది. యంత్రానికి మా ముఖం ఇంతగా పరిచయమైందంటే ఎంత తిరుగుతున్నామో అనుకుని నవ్వుకుంటూ లోపలికి వెళ్లాము.

శీతాకాలపు తొలి విమానంలో వెళ్లే ముస్లిములకు ఫజ్ర్ నమాజు వేళ ఒక చిన్న పరీక్ష. డిసెంబరు నడుమ హైదరాబాదులో ఫజ్ర్ వేళ సుమారు 5 గంటల 20 నిమిషాలకు ప్రవేశిస్తుంది. మా విమానం 6 గంటల 10 నిమిషాలకు. బయలుదేరడానికి 25 నిమిషాల ముందే గేటు మూసివేస్తారు. అంటే 5-20కి, 5-45కి మధ్యనే నమాజు పూర్తి కావాలి. ఎక్కాక సీటులో చేసుకోవచ్చులే అనుకుంటే పొరపాటు పడతాము. దానికి కారణం తరువాత చెబుతాము. అందుకే వుజూ ఇంటివద్దనే చేసుకుని వస్తాము. విమానంలోని చిన్న గదిలో వుజూ చేసి నేలంతా తడిపి, వెనుక వచ్చేవారిని ఇబ్బందిపెట్టడం కంటే ఇది మర్యాద కూడాను.

గేటు దగ్గర కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. తిరుపతి వెళ్లే ఉదయపు విమానంలో అత్యధికులు కొండకు వెళ్లే భక్తులు. పసుపు బట్టలు, నుదుట నామాలు, ఒడిలో నిద్రపోతున్న పిల్లలు. గోడవారగా కొంచెం ఖాళీ కనిపించింది గాని, అక్కడ ఒక వృద్ధురాలి సంచి ఉన్నది. మా చేతిలోని జానమాజును చూసి ఆమె, మేము అడగకముందే సంచిని తన కాళ్ల దగ్గరకు లాక్కున్నది.

“చేసుకోరి బిడ్డా, నేనెవర్నీ అటు రానియ్య,” అన్నది.

ఒకరి తరువాత ఒకరము ఆ కొంచెం చోటులోనే నమాజు ముగించాము. ఆమె నిజంగానే కాపలా కాసింది. చక్రాల పెట్టెతో అటు రాబోయిన ఒక యువకుణ్ణి చేయి అడ్డుపెట్టి ఆపింది. సలాం చెప్పి లేచాక పలకరించింది.

“యాడికి, కొండకేనా?”

“కాదమ్మా, మాది చిత్తూరు. మా అత్తగారిని చూడడానికి పోతున్నాము.”

“అత్తను చూడనీకి విమానంల పోతున్నవా!” అని ఆమె ఆశ్చర్యపోయింది. “నా కోడలు పక్క గల్లీలనే ఉంటది. అయినా రాదు.”

అందరమూ నవ్వాము. ఆమె ప్రశంసను మేము సంతోషంగానే స్వీకరించాము. ఆ సంతోషం మధ్యాహ్నం దాకానే నిలిచింది.

ఆకాశంలో తెల్లవారితే

మా వరుసలోనే ఆ వృద్ధురాలి చోటు కూడా. ఆమెకు అదే మొదటి విమానయానం. చక్రాలు నేలను విడిచే క్షణాన మాలో పక్కనున్నవారి చేతిని గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుని గోవిందనామం స్మరించింది. మేము మనసులో ప్రయాణపు దుఆ చదువుకున్నాము. పైకి లేచి విమానం నిలకడగా సాగాక ఆమె చేయి వదిలి, “గంతేనా?” అన్నది.

దక్షిణాభిముఖంగా వెళ్లే ఈ విమానంలో ఎడమవైపు కిటికీ దొరకడం అదృష్టం. తూర్పు అటే ఉంటుంది. నేలమీద ఇంకా మసకచీకటిగా ఉండగానే పైన కిటికీ అంచు ఎర్రబడింది. చూస్తుండగానే సూర్యుడు కనిపించాడు. ఎత్తుకు వెళ్లేకొద్దీ దిగంతం కిందికి జారుతుంది కనుక, కింద నిలబడినవారికంటె సుమారు పది నిమిషాలు ముందే విమానంలోనివారికి సూర్యోదయం అవుతుంది. నేలమీది వేళల పట్టిక చూసుకుని ఇంకా సమయముందని నిదానించేవారికి పైన ఫజ్ర్ వేళ అప్పటికే ముగిసిపోతుంది. ముందు చెబుతామన్న కారణం ఇదే. నేలమీద వీలున్నప్పుడు నేలమీదనే ముగించుకోవడం మేలు.

శ్రీశైలం దిక్కున కృష్ణానది లోతైన లోయలో మెలికలు తిరుగుతూ ఒక క్షణం కనిపించింది. ఆ తరువాత నల్లమల. ఎంతసేపు చూసినా ఒక దీపం గాని, ఒక దారి గాని అగుపించని అడవి. అది దాటాక పెన్నానదికి కట్టిన సోమశిల జలాశయం అప్పుడే లేచిన ఎండకు రాగిపళ్లెంలా మెరిసింది. ఆపైన కొండలు వరుసకట్టాయి. వెంకటాద్రి రైలులో ఇదే దూరాన్ని రాత్రంతా అనుభవించేవాళ్లము. ప్రతి స్టేషనులోనూ మేల్కొని, టీ అమ్మేవాని పిలుపులోని యాసను బట్టి ఊరు పోల్చుకునేవాళ్లము. కడప దాటితే సగం ఇంటికి చేరినట్టే ఉండేది. విమానంలో ఆ ‘సగం’ అనేది లేదు. హైదరాబాదు ఉంటుంది, తరువాత ఇల్లు ఉంటుంది.

ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ప్రయాణికునికి, అంటే ముసాఫిరుకు, కొన్ని సడలింపులు ఉన్నాయి. నాలుగు రకాతుల ఫర్జ్ నమాజును రెండు రకాతులుగా చేయడం వాటిలో ముఖ్యమైనది. ఫజ్ర్‌కు, మగ్రిబ్‌కు ఈ తగ్గింపు లేదు. మేము అనుసరించే హనఫీ విధానంలో పూర్వం మూడు రోజుల ప్రయాణ దూరాన్ని దీనికి ప్రమాణంగా తీసుకున్నారు. నేటి పండితులు దానిని సుమారు 78 కిలోమీటర్లుగా లెక్కిస్తున్నారు. విమానం ఆ మూడు రోజుల దూరాన్ని పది నిమిషాలకు అటూ ఇటూగా దాటేస్తుంది. అయినా సడలింపు అలాగే ఉంటుంది. శ్రమ పడ్డామా, సుఖంగా కూర్చున్నామా అన్నది ప్రశ్న కాదు. ఇల్లు విడిచి అంత దూరం వచ్చామా లేదా అన్నదే ప్రశ్న. ఇన్నేళ్లుగా తిరుగుతున్న మాకు ఈ లెక్క కంఠస్థమే. ఢిల్లీలోనైనా, గువాహటిలోనైనా రెండేసి రకాతులు చేసుకోవడం అలవాటైపోయింది. ఆ అలవాటే ఆనాడు మమ్మల్ని పట్టుకున్నది.

రేణిగుంట నుంచి నీవా ఒడ్డుకు

శేషాచలం కొండల ఎర్రని రాతిగోడలు కిటికీకి దగ్గరగా వచ్చాయంటే దిగబోతున్నామని గుర్తు. 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించిన ఆ కొండలు ఎర్రచందనానికి పుట్టినిల్లు. రేణిగుంటలో దిగాము. 2015 అక్టోబరు 22న ప్రధానమంత్రి ప్రారంభించిన కొత్త టెర్మినల్ మా కళ్లముందు లేచినదే. అంతకు ముందున్న చిన్న భవనం నుంచి నాలుగడుగులు వేస్తే రోడ్డు మీద ఉండేవాళ్లము. వృద్ధురాలు తన కొడుకు చేయి పట్టుకుని, “పోయొస్త బిడ్డా, మీ అత్తను అడిగినట్టు చెప్పు,” అని వీడ్కోలు పలికింది.

బయట టాక్సీ డ్రైవరు అలవాటుగా అడిగాడు.

“కొండకా సార్? తిరుచానూరు చూసుకొని పోదామా?”

“కాదయ్యా, చిత్తూరుకు.”

“చిత్తూరా!” అతని ముఖం వికసించింది. “మాది పూతలపట్టు సార్. పొద్దున్నే ఈ విమానంలో మనూరోళ్లు దిగేది శానా తక్కువ. రాండి, రాండి.”

తిరుపతి ఊరిలోకి పోకుండా పక్కనుంచి దాటాము. మాలో ఒకరు చదువుకున్న శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం అక్కడే ఉన్నది. 1954లో స్థాపితమైన ఆ విద్యాలయంలో రాయలసీమ నలుమూలల ముస్లిం విద్యార్థులు చదువుకుని పైకి వచ్చారు. కొంత దూరం పోగానే చంద్రగిరి. 1565 నాటి తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర రాజవంశం పెనుకొండకు, అక్కడినుంచి ఇక్కడికి తరలింది. పదిహేడవ శతాబ్దంలో ఈ దుర్గం గోల్కొండ కుతుబ్‌షాహీల వశమైంది. ఆపైన మైసూరు పాలకుల చేతికి పోయింది. కొండ కింద నిలిచిన రాజమహల్ ఇప్పుడు ప్రదర్శనశాల. గోల్కొండ కోట మా హైదరాబాదు ఇంటికి కూతవేటు దూరం. అక్కడినుంచి గుర్రాల మీద ఇక్కడికి వచ్చినవారికి ఎన్ని వారాలు పట్టిందో గాని, వచ్చినవారు వెంటనే సాయంత్రానికి తిరిగిపోయి ఉండరు కదా అని అనుకున్నాము.

ఆ ఏడు వానలు బాగా కురిశాయి. స్వర్ణముఖిలో నీరు పారుతోంది. దారి పొడవునా చెరకు తోటలు, వేరుశనగ చేలు, ఆకులు దట్టంగా ఉన్న మామిడి తోపులు. చిత్తూరు సీమ మామిడికి, ముఖ్యంగా గుజ్జు పరిశ్రమలకు పోయే తోతాపురికి పేరుపొందినది. జూన్, జూలై నెలల్లో ఈ దారి అంతా కాయల లారీలతో నిండి ఉంటుంది. డిసెంబరులో మాత్రం బెల్లం కాలం. గానుగల దగ్గర పెనాలలో చెరకురసం కాగే వాసన కారు అద్దం దించగానే లోపలికి వచ్చింది. ఆ వాసన తగిలితే మా ఊరు వచ్చినట్టే. పూతలపట్టు దగ్గర జిల్లా కూడా మారింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరు జిల్లా అయింది కనుక, ఇప్పుడు మేము ఒక జిల్లాలో దిగి మరొక జిల్లాలో ఇల్లు చేరుతున్నాము.

చిత్తూరు సమీపిస్తున్నప్పుడల్లా మాకు హైదర్ అలీ గుర్తుకు వస్తారు. ఆంగ్లేయులతో రెండవ మైసూరు యుద్ధం సాగుతున్న కాలంలో, వీపున లేచిన రాచపుండుతో బాధపడి, 1782 డిసెంబరు 7న ఆయన చిత్తూరు సమీపాన నరసింగరాయనిపేట వద్ద తన సైనిక శిబిరంలోనే కన్నుమూశారు. కుమారుడు టిప్పు అప్పుడు మలబారు తీరాన యుద్ధరంగంలో ఉన్నాడు. అతడు వచ్చి సైన్యాన్ని కలుసుకునేదాకా మరణవార్తను గుట్టుగా ఉంచి, పార్థివ దేహాన్ని ముందుగా కోలారుకు తరలించారు. చివరకు శ్రీరంగపట్నంలో ఖననం జరిగింది. చరిత్ర పుస్తకాలలో ఇది రాజ్యరక్షణకు సంబంధించిన ఎత్తుగడగా కనిపిస్తుంది. మాకు మాత్రం, అబ్బా పోయిన తరువాత, ఇది తండ్రి కడపటి ఘడియలకు అందుకోలేకపోయిన ఒక కొడుకు కథగా కనిపిస్తున్నది. టిప్పుకు విమానం లేదు. మాకు ఉన్నది. అయినా ఆనాడు మేమూ అందుకోలేకపోయాము.

రెండు రకాతులు

మా ఇల్లు నీవానదికి దగ్గరలో, పాత కాలపు మిద్దె ఇల్లు. అమ్మీ గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నది. వేడి ఇడ్లీ, పాయా సిద్ధం. చిత్తూరులో ఇంటింటా మూడు భాషలు కలిసి ఉడుకుతాయి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, సంతలో తమిళం. అమ్మీ మూడింటినీ ఒకే వాక్యంలో కలపగలదు. ఆమె మాటలను మేము ఇక్కడ తెలుగులో రాస్తున్నాము.

తినగానే ఆమెను కంటి వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాము. ఒక కంటికి శుక్లం ముదిరిందని, శస్త్రచికిత్స చేయించడం మంచిదని అన్నారు. బ్యాంకు పని చూసుకుని, మందులు కొనుక్కుని ఇల్లు చేరేసరికి మస్జిదులో జుహ్ర్ జమాఅత్ అయిపోయింది. సాయంత్రం విమానానికి మూడు గంటలకల్లా బయలుదేరాలి. త్వరత్వరగా వుజూ చేసుకుని ఇంట్లోనే నమాజుకు నిలబడ్డాము. రెండు రకాతులు చేసి సలాం చెప్పాము.

అమ్మీ మంచం మీద కూర్చుని తస్బీహ్ తిప్పుతోంది. ఒక కన్ను మసకబారినా ఆమె లెక్క తప్పదు.

“రెండే చేశారేమి బేటా? మరచిపోయారా?”

“లేదమ్మీ. ప్రయాణంలో ఉన్నాము కదా. సాయంత్రం వెళ్లిపోవాలి.”

ఆమె కోడలివైపు చూసింది. కోడలూ రెండే చేసిందని గ్రహించింది. తస్బీహ్ తిప్పడం ఆగింది.

“మీ ఇంటికి వచ్చి కూడా ముసాఫిర్లేనా?” అన్నది.

కోపంతో అన్న మాట కాదు. నిష్ఠూరం కూడా కాదు. తెలియక అడిగిన ప్రశ్నలాగే అడిగింది. మాకు జవాబు రాలేదు. ఎన్నో ఊళ్లలో, ఎన్నో హోటలు గదులలో అలవాటైన రెండు రకాతులను, ఆలోచన లేకుండా, పుట్టి పెరిగిన ఇంట్లో చేశాము. అబ్బా మాకు నమాజు నేర్పిన గది అదే. ఆ గదిలో మొదటిసారి నాలుగు రకాతులు తప్పులేకుండా చేసిననాడు ఆయన అణా బిళ్లంత బెల్లం ముక్క చేతిలో పెట్టారు.

అస్ర్ వేళకు మేము కారులో ఉండవలసింది. దారిలో మస్జిదు దగ్గర ఆగి, ఇమాముగారిని కలిసి విషయం చెప్పాము. ఆయన మా కంటె చిన్నవారు. శ్రద్ధగా విని, ఒక్కటే అడిగారు.

“హైదరాబాదులో స్థిరపడ్డారు, సరే. మళ్లీ ఎప్పటికైనా ఇక్కడికి వచ్చి నివసించాలన్న నియ్యత్ ఉన్నదా?”

మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ఇరవై రెండేళ్లలో ఆ ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ అడుక్కోలేదు. పిల్లల చదువులు, ఇంటి అప్పు, ఉద్యోగం అని లోలోపల ఏవో జవాబులు మెదిలాయి గాని, ఒక్కటీ నోటిదాకా రాలేదు.

ఇమాముగారు మమ్మల్ని ఇబ్బందిపెట్టదలచుకోలేదు. మృదువుగా వివరించారు. పుట్టిన ఊరిని శాశ్వతంగా విడిచి, తిరిగి ఉండే ఉద్దేశం లేకుండా మరొకచోట కాపురం పెట్టినవారికి, హనఫీ విధానంలో ఆ ఊరు స్వస్థలమన్న హోదాను కోల్పోతుంది. అక్కడికి కొద్ది రోజులకు వస్తే వారు ముసాఫిర్లే. రెండుచోట్లా ఇల్లు నిలుపుకుని ఉండాలన్న ఉద్దేశం ఉన్నవారి సంగతి వేరు. మేము చేసిన రెండు రకాతులు తప్పు కాదు. “మసలా ప్రకారం మీరు చేసినది సరే,” అని ఆయన కాసేపు ఆగారు. “అయితే, పదిహేను రోజులో అంతకు మించో ఒకచోట ఉండాలన్న నియ్యత్‌తో వస్తే అక్కడ మీరు ముకీములు అవుతారు. అప్పుడు నాలుగూ పూర్తిగా చేయాలి. మీ అమ్మీకి ఆ మాట చెప్పండి.”

ఇతర ఇమాముల విధానాలలో ఈ రోజుల లెక్క వేరుగా ఉంటుంది. పాఠకులు తమ తమ పండితులను అడిగి తెలుసుకోవాలి. మేము చెప్పదలచినది మసలా గురించి కాదు. ధర్మశాస్త్రం అడిగిన ఆ చిన్న ప్రశ్న మా జీవితం గురించి ఎంత పెద్ద సంగతి బయటపెట్టిందో దాని గురించి.

తిరుగు విమానంలో గుండు చేయించుకున్న తలలు, ఒళ్లో లడ్డూ సంచులు, అలసిన సంతృప్తి కనిపించాయి. కోరి వెళ్లినవారందరూ తాము వెళ్లిన పని పూర్తి చేసుకుని వస్తున్నారు. మేమూ మందులు ఇచ్చాము, వైద్యునికి చూపించాము, బ్యాంకు పని చేశాము. చేయవలసిన పనుల పట్టికలో ఒక్కటీ మిగలలేదు. అమ్మీ పక్కన ఊరకనే కూర్చోవడం మాత్రం ఆ పట్టికలో లేదు.

ఆ రాత్రి ఇల్లు చేరాక మాలో ఒకరు ఆ ఏడాది ఎక్కిన విమానాలను లెక్కపెట్టారు. నలభై ఒకటి. చిత్తూరుకు వచ్చింది నాలుగుసార్లు. ఆ నాలుగుసార్లూ కలిపి ఇంట్లో నిద్రపోయినది ఒకే ఒక్క రాత్రి. ఉదయం వెళ్లి సాయంత్రం రాగలగడం గొప్ప సౌకర్యమని నలుగురికీ చెప్పుకునేవాళ్లము. ఇంత సులభంగా తిరిగి రాగలిగినప్పుడు ఉండిపోవడానికి కారణం వెతుక్కోవలసి వస్తుందని మేము గమనించలేదు. రైలు మమ్మల్ని బలవంతంగా ఉంచేది. విమానం మమ్మల్ని స్వేచ్ఛగా వదిలేసింది. ఆ స్వేచ్ఛను మేము ప్రతిసారీ వెళ్లిపోవడానికే వాడుకున్నాము.

పదహారు రోజులు

ఫిబ్రవరిలో మళ్లీ మూడు గంటలకు దీపం వెలిగింది. పొరుగువారు ఈసారి మా సామాను చూసి ఆశ్చర్యపోయారు. రెండు పెద్ద పెట్టెలు. ఆఫీసులో సెలవు అడిగినప్పుడు పై అధికారి కారణం అడిగారు. అమ్మీ కంటి శస్త్రచికిత్స అన్నాము. అది నిజమే. పూర్తి నిజం అంతకంటె కొంచెం పెద్దది. కూడబెట్టిన పాయింట్లన్నీ వాడి వెళ్లడానికి మాత్రమే టిక్కెట్లు కొన్నాము. తిరుగు టిక్కెట్టు కొనలేదు.

అదే విమానం, అదే గేటు, గోడవారన అదే కొంచెం చోటు. ఈసారి సంచి జరిపినవాడు ఒక కళాశాల విద్యార్థి. రేణిగుంటలో దిగాక మరొక డ్రైవరు కొండకా అని అడిగాడు, చిత్తూరుకని చెప్పాము. చెరకు కోతలు ముగింపుకు వచ్చాయి. మామిడి చెట్లు పూత మీద ఉన్నాయి.

జుహ్ర్ వేళకు ఇంట్లోని పురుషుడు మస్జిదుకు వెళ్లి జమాఅత్‌లో నిలబడ్డాడు. ఇంట్లో కోడలు అమ్మీ మంచం పక్కన జానమాజు పరిచింది. రెండు రకాతులయ్యాక అత్తహియ్యాత్ చదివి, సలాం చెప్పకుండా మూడవ రకాతుకు లేచి నిలబడింది. అమ్మీ తస్బీహ్ వేళ్ల మధ్యనే ఆగిపోయిందట. నాలుగూ పూర్తయ్యేదాకా ఆమె కదలలేదట.

మస్జిదు నుంచి రాగానే అమ్మీ అడిగింది.

“ఎన్ని రోజులకు?”

“పదహారు రోజులకమ్మీ.”

ఆమె మరేమీ అనలేదు. కాసేపటికి సాయంత్రపు పాలు పోసే అబ్బాయి గుమ్మం దగ్గర కేక వేశాడు. మాలో ఒకరు గిన్నె తీసుకుని లేవబోయేంతలో అమ్మీయే గోడ పట్టుకుని మెల్లగా వాకిలిదాకా నడిచింది.

“రేపటి నుంచి ఇంకొక లీటరు ఎక్కువ పోయి నాయనా,” అన్నది. “ఇంట్లో మనుషులున్నారు.”